గురి తప్పని క్షిపణి, పొరబడిన గుర్తింపు

2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్లని టయోటా కరోలా కారును అమెరికా డ్రోన్లు దాదాపు ఎనిమిది గంటలపాటు ఆకాశం నుంచి వెంబడించాయి. కారు ఎక్కడ ఆగింది, అందులో ఎవరు ఎక్కారు, ఏయే డబ్బాలు ఎక్కించారు అన్నది తెరల మీద కనిపిస్తూనే ఉంది. మూడు రోజుల కిందటే నగర విమానాశ్రయం దగ్గర జరిగిన ఆత్మాహుతి దాడిలో 13 మంది అమెరికన్ సైనికులు, వందకు పైగా అఫ్గాన్ పౌరులు మరణించి ఉన్నారు. మరో దాడి తప్పదన్న హెచ్చరికలు వస్తున్నాయి. సాయంత్రం ఆ కారు ఒక ఇంటి ఆవరణలోకి చేరగానే హెల్‌ఫైర్ క్షిపణి దాన్ని పేల్చేసింది. అమెరికా సంయుక్త సైన్యాధిపతుల కమిటీ అధ్యక్షుడు జనరల్ మార్క్ మిల్లీ మొదట దీన్ని ధర్మబద్ధమైన దాడిగా వర్ణించారు. మూడు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 17న, ఆ ప్రాంతంలోని అమెరికా సైనిక చర్యలను చూసే సెంట్రల్ కమాండ్ అధిపతి జనరల్ కెన్నెత్ మెకంజీ అది విషాదకరమైన పొరపాటని ఒప్పుకోవలసి వచ్చింది. చనిపోయిన పదిమందీ పౌరులే. వారిలో ఏడుగురు పిల్లలు. కారు నడిపిన వ్యక్తి ఒక అమెరికన్ సహాయ సంస్థ ఉద్యోగి. పేలుడు పదార్థాలుగా భావించినవి నీళ్ల డబ్బాలు.

ఈ ఘటనలో ఆయుధ లోపం ఏమీ లేదు. ఏ కారును కొట్టాలనుకున్నారో క్షిపణి సరిగ్గా ఆ కారునే కొట్టింది. తప్పిందల్లా అందులో ఉన్నది ఎవరన్న అంచనా. డ్రోన్ దాడుల నైతికత మీద రెండు దశాబ్దాలకు పైగా సాగుతున్న చర్చలో ఎక్కువ భాగం ఆయుధం కచ్చితత్వం చుట్టూనే తిరిగింది. పౌరుల ప్రాణాలకు సంబంధించిన అసలు చిక్కులు మాత్రం దాడికి ముందు, దాడి తర్వాత ఉన్నాయి. ఎవరిని చంపవచ్చో ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయిస్తున్నారు? ఆ నిర్ణయం తప్పని తేలితే ఎవరికి జవాబు చెబుతున్నారు? ఈ రెండు ప్రశ్నలనూ పక్కన పెట్టి, ఈ ఆయుధం పాతవాటి కన్నా మెరుగైనదా కాదా అని మాత్రమే వాదించుకోవడం వల్ల ప్రభుత్వాలకు సౌకర్యం కలిగింది తప్ప పౌరులకు ఒరిగింది తక్కువ.

కచ్చితత్వం వాదనలో నిజం లేదని చెప్పడం కూడా సరికాదు. హెల్‌ఫైర్ క్షిపణి బరువు సుమారు 45 కిలోలు. యుద్ధ విమానాలు జారవిడిచే బాంబులు సాధారణంగా 200 కిలోలకు పైబడే ఉంటాయి. గంటల తరబడి ఒకేచోట తిరుగుతూ గమనించగలగడం, పిల్లలు ఎదురైతే ఆగి మరో అవకాశం కోసం వేచి చూడగలగడం, సొంత పైలట్ ప్రాణం గురించి కంగారు లేకపోవడం డ్రోన్‌కు ఉన్న వాస్తవమైన సౌలభ్యాలు. న్యాయమైన కారణంతోనే పోరాడవలసి వచ్చినప్పుడు సొంత సైనికులను అనవసరంగా ప్రమాదంలోకి నెట్టడం తప్పని, కాబట్టి అటువంటి సందర్భాల్లో మనిషి లేని విమానాన్ని వాడటం అనుమతించదగినదే కాదు, ఒక బాధ్యత కూడా అని తత్త్వవేత్త బ్రాడ్లీ స్ట్రాసర్ 2010లో వాదించారు. ఈ వాదనకు ఒక షరతు ఉంది. పోరాటం న్యాయమైనదై ఉండాలి, లక్ష్యంగా ఎంచుకున్న మనిషి నిజంగా చంపదగిన శత్రువై ఉండాలి. ఆచరణలో వివాదం అంతా ఆ షరతు మీదే.

యుద్ధమా, నేర పరిశోధనా?

అంతర్జాతీయ చట్టం ప్రాణం తీయడాన్ని రెండు వేర్వేరు చట్రాల్లో చూస్తుంది. సాయుధ ఘర్షణ జరుగుతున్నచోట మానవతా చట్టం, అంటే 1949 నాటి జెనీవా ఒప్పందాలు, వాటికి 1977లో చేర్చిన ప్రోటోకాళ్లు, వర్తిస్తుంది. అక్కడ శత్రు సైనికుడు ఆ క్షణంలో ఎవరికీ హాని చేయకపోయినా అతన్ని లక్ష్యం చేసుకోవచ్చు. అయితే పౌరులను, సైనికులను వేరు చేసి చూడాలి, ఆశించే సైనిక ప్రయోజనంతో పోలిస్తే పౌర నష్టం మితిమీరకూడదు, సాధ్యమైన ముందుజాగ్రత్తలన్నీ తీసుకోవాలి. సాయుధ ఘర్షణ లేనిచోట మానవ హక్కుల చట్టానిదే ప్రధాన పాత్ర. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 6వ అధికరణం ఎవరి ప్రాణాన్నీ ఇష్టానుసారం హరించరాదని చెబుతుంది. అక్కడ ప్రభుత్వం మనిషిని చంపగలిగేది మరొకరి ప్రాణం కాపాడటానికి వేరే దారి లేనప్పుడు, ఆఖరి మార్గంగా మాత్రమే. అనుమానితుడిని పట్టుకోవాలి, అభియోగం మోపాలి, విచారించాలి.

డ్రోన్ విధానం వేళ్లూనుకున్నది ఈ రెండు చట్రాల సరిహద్దు చెరిగిపోయిన చోట. పాలస్తీనియన్లను ఎంచి చంపుతున్న ఇజ్రాయెల్ పద్ధతిని 2001 జులైలో ఆ దేశంలోని అమెరికా రాయబారి మార్టిన్ ఇండిక్ బహిరంగంగా తప్పుపట్టారు. అవి న్యాయప్రక్రియకు వెలుపలి హత్యలని, తమ ప్రభుత్వం వాటికి వ్యతిరేకమని అన్నారు. ఆ తర్వాత రెండు నెలలకు న్యూయార్క్, వాషింగ్టన్‌లపై దాడులు జరిగాయి. ఆ దాడులకు బాధ్యులైనవారిపైనా, వారికి తోడ్పడినవారిపైనా బలప్రయోగానికి అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుడికి అధికారం ఇచ్చింది. ఆ తీర్మానంలో భౌగోళిక సరిహద్దు లేదు, గడువు లేదు. 2002 నవంబరు 3న యెమెన్‌లోని మారిబ్ ప్రాంతంలో సీఐఏ ప్రిడేటర్ డ్రోన్ ఒక వాహనాన్ని పేల్చి, 2000లో అమెరికా యుద్ధనౌక యూఎస్ఎస్ కోల్‌పై జరిగిన దాడికి సూత్రధారిగా అనుమానించిన వ్యక్తిని, అతని సహచరులను చంపింది. యెమెన్‌లో అప్పుడు అమెరికా యుద్ధమేదీ చేయడం లేదు. ప్రపంచం మొత్తాన్నీ యుద్ధరంగంగా భావిస్తే తప్ప ఆ దాడిని మానవతా చట్టం కింద సమర్థించడం కష్టం. అలా భావిస్తే మాత్రం మానవ హక్కుల చట్టానికి ఎక్కడా చోటుండదు.

ఆత్మరక్షణ అనే రెండో ఆధారం కూడా ఇలాగే సాగదీతకు గురైంది. ఐక్యరాజ్య సమితి నియమావళిలోని 51వ అధికరణం సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది. ముంచుకొస్తున్న దాడిని అడ్డుకోవడం కూడా అందులో భాగమేనని చాలా దేశాలు ఒప్పుకుంటాయి. 2013 మే 23న అధ్యక్షుడు ఒబామా ప్రకటించిన విధానం ప్రకారం, అమెరికన్లకు ‘నిరంతర, ఆసన్న ముప్పు’గా ఉన్నవారినే లక్ష్యం చేసుకోవాలి. ముప్పు నిరంతరమైతే ఆసన్నం అన్న షరతుకు పదును పోతుంది. ఒక వ్యక్తి ఏదో ఒకరోజు ఏదో ఒకటి చేయవచ్చన్న అంచనా చాలు, అతను నిద్రపోతున్నా ప్రమాదకారే అవుతాడు. 2020 జనవరి 3న బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర ఇరాన్ జనరల్ ఖాసిం సులేమానీని డ్రోన్‌తో చంపినప్పుడు ఈ బలహీనత బయటపడింది. ఆసన్నమైన ముప్పుకు తగిన ఆధారం చూపలేదని, అది సమితి నియమావళికి విరుద్ధమని న్యాయేతర హత్యలపై సమితి ప్రత్యేక ప్రతినిధిగా ఉన్న ఆన్యెస్ కాలమార్ ఆ ఏడాది నివేదికలో తేల్చారు.

దాడి జరిగే దేశం సమ్మతి అన్నది మరో మసక ప్రాంతం. తమ నేలపై దాడులను పాకిస్తాన్ ప్రభుత్వం బయటికి ఖండిస్తూ వచ్చింది; తన హయాంలో కొన్ని దాడులకు ఒప్పుకున్నామని మాజీ అధ్యక్షుడు పర్వేజ్ ముషారఫ్ 2013లో అంగీకరించారు. అదే ఏడాది పెషావర్ హైకోర్టు గిరిజన ప్రాంతాల్లోని దాడులు చట్టవిరుద్ధమని, యుద్ధ నేరమని తీర్పు చెప్పింది. రహస్య సమ్మతి రెండు ప్రభుత్వాల మధ్య సార్వభౌమాధికార సమస్యను తీర్చవచ్చు గానీ, ఇంటి మీద క్షిపణి పడిన మనిషి జీవించే హక్కును ఆ సమ్మతి రద్దు చేయలేదు. ఆ హక్కు అతనిది, అతని ప్రభుత్వానిది కాదు.

లక్ష్యం ఎవరు?

డ్రోన్ దాడులను సాధారణంగా రెండు రకాలుగా చెబుతారు. పేరు, ఊరు తెలిసిన ఒక నిర్దిష్ట వ్యక్తి మీద చేసేవి మొదటి రకం. వ్యక్తి ఎవరో తెలియకపోయినా, ప్రవర్తన తీరును బట్టి సాయుధుడని భావించి చేసేవి రెండో రకం. వీటిని సిగ్నేచర్ స్ట్రైక్స్ అంటారు. ఆయుధాలు మోసే మగవాళ్లు, ఒక అనుమానిత ఆవరణలోకి వచ్చిపోయే వాహనాలు, ఒకచోట గుమిగూడిన గుంపు వంటివి ఇక్కడ సంకేతాలవుతాయి. మగవాళ్లు తుపాకీ వెంటపెట్టుకు తిరగడం ఆనవాయితీగా ఉన్న సమాజంలో తుపాకీ ఏ మేరకు సంకేతమో ఆలోచించవలసిన విషయం.

మొదటి ప్రోటోకాల్‌లోని 50వ అధికరణం, ఒక వ్యక్తి పౌరుడా కాదా అన్న సందేహం ఉంటే పౌరుడిగానే పరిగణించాలని చెబుతుంది. అమెరికా ఆ ప్రోటోకాల్‌ను ఆమోదించలేదు. అయినా అందులోని మౌలిక సూత్రాలు ఆచార న్యాయంగా, అంటే దేశాలు ఆచరణలో పాటిస్తూ వచ్చినందువల్ల కట్టుబడవలసిన నియమాలుగా, అన్ని దేశాలకూ వర్తిస్తాయన్నది విస్తృతంగా అంగీకరించిన అభిప్రాయం. ఆచరణ దీనికి తలకిందులుగా నడిచిందనడానికి సూచనలున్నాయి. దాడి జరిగిన చోట చనిపోయిన, పోరాడే వయసున్న మగవారందరినీ, నిర్దోషులని తర్వాత స్పష్టమైన ఆధారం దొరికితే తప్ప, సాయుధులుగానే లెక్కించే పద్ధతి ఉండేదని 2012లో న్యూయార్క్ టైమ్స్ వెల్లడించింది. ఇక్కడ సందేహం పౌరుడికి వ్యతిరేకంగా పనిచేస్తోంది. నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవలసిన భారం చనిపోయినవాడి మీద పడుతోంది.

2002 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్‌లోని జవార్ కీలీ ప్రాంతంలో ముగ్గురి మీద క్షిపణి వేశారు. వారిలో పొడగరి అయిన ఒకరికి మిగతావారు మర్యాద ఇస్తున్నట్టు కనిపించడంతో అతను ఒసామా బిన్ లాడెన్ కావచ్చని అనుకున్నారు. వారు పాత ఇనుము ఏరుకునేవారని స్థానికులు చెప్పారు. లక్ష్యం సరైనదేనని తాము నమ్ముతున్నామని, అయితే చనిపోయినది ఎవరో ఇంకా తెలియదని పెంటగాన్ ప్రతినిధి అప్పట్లో వివరణ ఇచ్చారు. ఈ రెండు మాటలూ ఒకే నోట రాగలగడం ఆ తర్వాతి రెండు దశాబ్దాల విధానానికి ముందుమాట వంటిది.

2011 మార్చి 17న ఉత్తర వజీరిస్తాన్‌లోని దత్తాఖేల్‌లో క్రోమైట్ గని వివాదాన్ని పరిష్కరించడానికి గిరిజన పెద్దలు జిర్గా, అంటే పంచాయితీ, జరుపుతుండగా దాడి జరిగింది. సుమారు 40 మంది మరణించారు. సమావేశం గురించి స్థానిక సైనిక శిబిరానికి ముందుగానే తెలియజేశామని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. పాకిస్తాన్ సైన్యాధిపతి అష్ఫాక్ కయానీ బహిరంగంగా ఖండించారు. సమావేశంలో ఉన్నవారు సాయుధులేనని అమెరికా అధికారులు పేర్లు చెప్పకుండా పత్రికలకు చెబుతూ వచ్చారు. కొందరు తాలిబన్లు అక్కడ ఉండి ఉండవచ్చు. గని వివాదంలో ఒక పక్షానికి వారి అండ ఉన్నప్పుడు, వారు లేకుండా పంచాయితీ తెగదు. అంతమాత్రాన అక్కడ కూర్చున్న పెద్దలందరూ యుద్ధంలో పాల్గొన్నట్టు కాదు. పౌరుడు దాడి నుంచి రక్షణ కోల్పోయేది పోరాటంలో ప్రత్యక్షంగా పాల్గొన్నంతసేపు మాత్రమేనని చట్టం చెబుతుంది. ఆకాశం నుంచి చూసినప్పుడు పాల్గొనడానికీ పక్కన కూర్చోవడానికీ తేడా తెలియదు.

2013 డిసెంబరు 12న యెమెన్‌లోని రదా దగ్గర పెళ్లి ఊరేగింపు వాహనాల మీద జరిగిన దాడిలో 12 మంది చనిపోయారు. పౌరులకు హాని జరగదన్న ‘దాదాపు నిశ్చయం’ ఉంటేనే దాడి చేయాలన్న ఒబామా ప్రకటన వెలువడి అప్పటికి ఏడు నెలలైనా కాలేదు.

ఇలాంటి పొరపాట్లను వ్యక్తుల నిర్లక్ష్యంగా కొట్టిపారేస్తే వాటి మూలం అర్థం కాదు. కాబూల్ దాడి మీద విచారణ జరిపిన అమెరికా వైమానిక దళ ఇన్‌స్పెక్టర్ జనరల్, ముందే ఏర్పడిన నమ్మకానికి అనుగుణంగా కనిపించిన ప్రతిదాన్నీ వ్యాఖ్యానించుకోవడం ఒక కారణమని గుర్తించారు. ఆ కారు శత్రువుదని ఒకసారి అనుకున్నాక నీళ్ల డబ్బా పేలుడు పదార్థమైంది, ఉద్యోగుల్ని ఇళ్ల దగ్గర దింపడం అనుమానాస్పద సంచారమైంది. క్షిపణి వదలడానికి రెండు నిమిషాల ముందు ఒక పిల్లవాడు అక్కడ ఉన్నట్టు దృశ్యాల్లో ఉందని కూడా ఆ విచారణలోనే తేలింది. ఎక్కువసేపు చూస్తే ఎక్కువ తెలుస్తుందన్న నమ్మకం మీద డ్రోన్ ప్రతిష్ఠ నిలబడి ఉంది. అనుమానంతో చూసే కంటికి ఎనిమిది గంటల దృశ్యం అనుమానాన్ని ఎనిమిది గంటలపాటు గట్టిపరచుకునే అవకాశమే ఇస్తుంది. మేఘం పట్టినప్పుడు కెమెరాకు ఏమీ కనిపించదని అందరికీ తెలుసు. తేటగా కనిపిస్తున్న దృశ్యంలోని మనుషుల భాష, బంధుత్వాలు, ఉద్యోగాలు కూడా కనిపించవన్న సంగతి అంత తేలిగ్గా గుర్తుకు రాదు.

నేల మీద నమ్మకమైన సమాచారం ఇచ్చేవారు లేనిచోట ఈ లోపం ఇంకా పెరుగుతుంది. సెల్‌ఫోన్ సంకేతం ఆధారంగా లక్ష్యాన్ని గుర్తించినప్పుడు నిజానికి గుర్తించినది ఫోన్‌ను; అది ఆ క్షణాన ఎవరి చేతిలో ఉందన్నది వేరే విషయం. ఈశాన్య అఫ్గానిస్తాన్‌లో 2012 జనవరి నుంచి 2013 ఫిబ్రవరి వరకు సాగిన ఒక వైమానిక దాడుల కార్యక్రమానికి సంబంధించిన రహస్య పత్రాలు 2015లో బయటికి వచ్చాయి. వాటి ప్రకారం చనిపోయిన 200 మందికి పైగా మనుషుల్లో, ముందుగా ఎంచుకున్న లక్ష్యాలు 35 మందే. మిగిలినవారందరూ పౌరులని దీని అర్థం కాదు. వారు ఎవరన్నది దాడి చేసినవారికే తెలియదని మాత్రం అర్థం. ఆ పత్రాలను బయటపెట్టిన మాజీ వైమానిక దళ విశ్లేషకుడు డేనియల్ హేల్‌కు 2021లో 45 నెలల జైలు శిక్ష పడింది. ఈ మొత్తం వ్యవహారంలో జైలుకు వెళ్లింది దాడి చేసినవారు కాదు, దాడి గురించి చెప్పినవాడు.

మృతుల లెక్క

2016 జులైలో అమెరికా ప్రభుత్వం మొదటిసారిగా ఒక అధికారిక లెక్క విడుదల చేసింది. క్రియాశీల యుద్ధరంగాలకు వెలుపల 2009 నుంచి 2015 వరకు 473 దాడులు జరిగాయని, వాటిలో 64 నుంచి 116 మంది పోరాటంతో సంబంధం లేనివారు మరణించారని ఆ ప్రకటన సారాంశం. లండన్‌లోని బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేటివ్ జర్నలిజం అదే కాలానికి వేసిన అంచనా 380 నుంచి 801 మంది. అధికారిక లెక్కలో దేశాల వారీ వివరాలు లేవు, దాడుల తేదీలు లేవు, స్థలాలు లేవు. అందువల్ల ఏ ఒక్క ఘటననైనా తీసుకుని ఈ రెండు లెక్కల్లో ఏది ఎందుకు తేడాగా ఉందో పోల్చి చూడటం ఎవరికీ సాధ్యం కాలేదు. పత్రికల లెక్కల్లో అతిశయం ఉండవచ్చు. మారుమూల ప్రాంతాల నుంచి వచ్చే సమాచారం మీద సాయుధ ముఠాల ప్రభావం ఉండదని చెప్పలేం. దాన్ని సరిదిద్దగల సమాచారం చేతిలో ఉంచుకుని బయటపెట్టని ప్రభుత్వానికి ఆ అభ్యంతరం చెప్పే అర్హత తక్కువ. ఏటా ఈ లెక్కను ప్రకటించాలన్న నిబంధనను కూడా 2019 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ రద్దు చేశారు.

మృతుల సంఖ్యలో కనిపించని నష్టం మరొకటుంది. స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల న్యాయ విభాగాలు 2012లో వజీరిస్తాన్ వాసులతో మాట్లాడి నమోదు చేసిన వివరాల ప్రకారం, పగలూ రాత్రీ నెత్తి మీద తిరిగే డ్రోన్ల చప్పుడు మధ్య బతికేవారు గుంపుగా కూడటానికి జంకేవారు. అంత్యక్రియలకు వెళ్లడం మానుకున్నవారు, పిల్లలను బడికి పంపడం ఆపినవారు ఉన్నారు. మొదటి క్షిపణి పడినచోట గాయపడినవారిని ఎత్తడానికి వెళితే రెండోది పడుతుందన్న భయంతో సహాయానికి వెళ్లడమూ ఆలస్యమయ్యేది. సహాయకుల మీద ఉద్దేశపూర్వకంగా చేసే దాడి యుద్ధ నేరమే. మిగిలిన భయాలకు ఏ న్యాయస్థానంలోనూ పేరు లేదు. సమావేశమయ్యే హక్కు, చదువుకునే హక్కు, చనిపోయినవారిని సాగనంపుకునే హక్కు ఒక్క క్షిపణి కూడా పడని రోజున సైతం దెబ్బతింటున్నాయి. దాడి దాడికీ విడిగా లాభనష్టాలు బేరీజు వేసే చట్టానికి ఇలా రోజూ పేరుకుపోయే హాని అంత సులువుగా అందదు.

ప్రమాదం లేని యుద్ధం

డ్రోన్ నడిపేవారు వేల కిలోమీటర్ల దూరంలో, నెవాడాలోని క్రీచ్ వంటి స్థావరాల్లో కూర్చుంటారు కాబట్టి వారికిది వీడియో ఆటలా మారుతుందన్న విమర్శ తరచు వినిపిస్తుంది. అప్పటి సమితి ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ 2010 నివేదికలో ‘ప్లేస్టేషన్ మనస్తత్వం’ ఏర్పడే ప్రమాదం గురించి హెచ్చరించారు. ఈ విమర్శలో కొంత తొందరపాటు ఉంది. విమానంలో వెళ్లి బాంబు వేసే పైలట్ తను చంపినవారి ముఖాలు చూడడు. డ్రోన్ ఆపరేటర్ వారి దినచర్యను రోజుల తరబడి చూసి, చంపి, ఆ తర్వాత శకలాలను కూడా చూడవలసి ఉంటుంది. మానసిక సమస్యలు డ్రోన్ సిబ్బందిలో, యుద్ధ విమాన పైలట్లలో దాదాపు ఒకే స్థాయిలో ఉన్నట్టు అమెరికా సైనిక ఆరోగ్య విభాగం 2013లో జరిపిన అధ్యయనం తేల్చింది.

దూరం వల్ల కలిగే నైతిక ప్రమాదం ఆపరేటర్ మనసులో కన్నా, యుద్ధానికి అనుమతి ఇచ్చే ప్రజాస్వామ్య వ్యవస్థలో ఎక్కువగా ఉంది. సొంత సైనికుల శవపేటికలు తిరిగి వచ్చే యుద్ధాన్ని చట్టసభ ప్రశ్నిస్తుంది, పత్రికలు ప్రశ్నిస్తాయి, తల్లిదండ్రులు ప్రశ్నిస్తారు. 2011లో లిబియా మీద నాటో వైమానిక దాడులు 60 రోజులు దాటినప్పుడు, అమెరికా చట్టం ప్రకారం కాంగ్రెస్ అనుమతి కావాలన్న ప్రశ్న తలెత్తింది. నేల మీద తమ సైనికులు లేరు, తమవైపు ప్రాణనష్టం లేదు కాబట్టి ఇది చట్టం చెప్పే ‘శత్రుత్వ చర్య’ కిందికే రాదని విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు హెరాల్డ్ కో వాదించారు. ఒకవైపే చావులుంటే అది యుద్ధం కాదనే నిర్వచనం ఇందులో దాగి ఉంది. అదే ప్రభుత్వం యెమెన్, పాకిస్తాన్‌లలో మనుషులను చంపే అధికారం కోసం మాత్రం తాము యుద్ధంలో ఉన్నామని చెబుతూ వచ్చింది.

చేతులు మారిన ఆయుధం

ఈ చర్చను అమెరికా మీద విమర్శగా మాత్రమే నడిపించే కాలం పోయింది. టర్కీ, చైనా, ఇరాన్ తయారు చేసిన డ్రోన్లు ఇప్పుడు చాలా సైన్యాల చేతుల్లో ఉన్నాయి. 2022 జనవరిలో ఇథియోపియాలోని తిగ్రాయ్‌లో, దెదెబిత్ దగ్గర నిర్వాసితుల శిబిరం మీద జరిగిన డ్రోన్ దాడిలో 50 మందికి పైగా చనిపోయారు. 2023 డిసెంబరు 3న నైజీరియాలోని కదునా రాష్ట్రం, తుదున్ బిరి గ్రామంలో ప్రవక్త జన్మదినమైన మిలాద్ వేడుకకు చేరిన జనాన్ని సాయుధులుగా పొరబడి సైన్యమే డ్రోన్‌తో కొట్టింది. కనీసం 85 మంది పౌరులు మరణించారు. జనం గుమిగూడటాన్ని ముప్పుగా చదివే పొరపాటు వజీరిస్తాన్ నుంచి కదునా దాకా ఏమాత్రం మారకుండా ప్రయాణించింది. ఆయుధంతో పాటు దాన్ని వాడే తర్కం కూడా ఎగుమతి అయింది.

ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్‌లో జరుగుతున్నది దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ద్నిప్రో నది అవతలి గట్టు నుంచి రష్యా దళాలు చిన్న డ్రోన్లతో నడిచి వెళ్లేవారిని, సైకిళ్ల మీద పోయేవారిని, అంబులెన్సులను వెంటాడి కొడుతున్నాయి. ఈ దాడులు పౌరుల మీద ఉద్దేశపూర్వకంగా చేసినవేనని, మానవాళిపై నేరాల కిందికి వస్తాయని ఐక్యరాజ్య సమితి నియమించిన స్వతంత్ర విచారణ సంఘం 2025 మేలో నిర్ధారించింది. ఆపరేటర్ తెర మీద లక్ష్యం స్పష్టంగా కనిపిస్తోంది; అది పౌరుడేనని అతనికి తెలుసు. పొరపాటుకు తావే లేదు. కచ్చితత్వం దానంతట అదే నైతికమైనది అన్న వాదనకు ఇంతకన్నా గట్టి ఖండన దొరకదు. మామూలు ఫిరంగి గుండు విషయంలో ‘గురి తప్పి పడింది’ అని చెప్పుకునే అవకాశం ఉంటుంది. ఖెర్సోన్ వీధిలో ఒక మనిషిని మలుపు తర్వాత మలుపు వెంబడించిన డ్రోన్ విషయంలో ఆ సాకు చెల్లదు; నేరారోపణకు పనికొచ్చే ఆధారాన్ని ఆ కెమెరాయే నమోదు చేస్తోంది.

మనిషి నిర్ణయం లేకుండానే లక్ష్యాన్ని ఎంచుకునే ఆయుధాల గురించి జెనీవాలో పదేళ్లకు పైగా చర్చలు సాగుతున్నాయి. 2023 డిసెంబరులో సమితి సర్వసభ్య సభ ఈ విషయమై చేసిన తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. మీట మీద మనిషి వేలు ఉండాలన్న డిమాండు సరైనదే. అయితే కాబూల్‌లోనూ, దత్తాఖేల్‌లోనూ మీట మీద మనిషి వేలే ఉంది.

జవాబు చెప్పేదెవరు?

ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఈ రంగంలో ఇప్పటికీ చదవదగినది. ఎంచి చంపడం ఎల్లప్పుడూ చట్టబద్ధం కాదు, ఎల్లప్పుడూ నిషిద్ధమూ కాదని ప్రధాన న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసిన అహరోన్ బరాక్ అందులో రాశారు. బలమైన, నిర్ధారించుకున్న సమాచారం ఉండాలి. అరెస్టు వంటి తక్కువ హాని చేసే మార్గం ఉంటే చంపకూడదు. పౌర నష్టం అనుపాతంలో ఉండాలి. ప్రతి దాడి తర్వాతా స్వతంత్ర విచారణ జరగాలి. ఈ షరతులను ఇజ్రాయెల్ ఎంతవరకు పాటించిందన్నది వేరే చర్చ, దాని గురించి ఆశ పెట్టుకోవడానికి కారణాలు తక్కువ. అయినా ఒక కోర్టు ఈ ప్రశ్నను తన పరిధిలోదిగా భావించి సమాధానం చెప్పింది.

అమెరికా కోర్టులు ఆ పని చేయలేదు. తమ దేశ పౌరుడే అయిన, యెమెన్‌లో అల్‌ఖైదాతో కలిసిన మతబోధకుడు అన్వర్ అల్-అవ్లాకీని చంపవలసినవారి జాబితాలో చేర్చడాన్ని అతని తండ్రి 2010లో సవాలు చేస్తే, ఇది రాజకీయ విభాగాలు తేల్చుకోవలసిన విషయమంటూ కోర్టు కేసు కొట్టేసింది. తమ నిర్ణయం కలవరపెట్టేదేనని న్యాయమూర్తి తీర్పులోనే ఒప్పుకున్నారు. 2011 సెప్టెంబరు 30న అవ్లాకీని, రెండు వారాల తర్వాత మరో దాడిలో 16 ఏళ్ల అతని కొడుకును డ్రోన్లు చంపాయి. ఆ తర్వాత వేసిన దావా కూడా 2014లో వీగిపోయింది. 2015 జనవరిలో అల్‌ఖైదా చెరలో ఉన్న ఒక అమెరికన్, ఒక ఇటాలియన్ సహాయ కార్యకర్తలు డ్రోన్ దాడిలో మరణించినప్పుడు అధ్యక్షుడు స్వయంగా టీవీలో క్షమాపణ చెప్పారు. వజీరిస్తాన్, యెమెన్ కుటుంబాల్లో అత్యధికులకు ఆ దాడి ఎవరు చేశారన్న అధికారిక ధ్రువీకరణ కూడా అందలేదు. సైన్యం చేతిలో హాని జరిగిన పౌరులకు పరిహారంగా చెల్లించడానికి కాంగ్రెస్ ఏటా 30 లక్షల డాలర్లు అనుమతించింది. అందులో చాలా భాగం ఖర్చే కాకుండా మిగిలిపోయిన సంవత్సరాలున్నాయి. కాబూల్ దాడికి సంబంధించి ఎవరి మీదా క్రమశిక్షణ చర్య ఉండదని రక్షణ శాఖ 2021 డిసెంబరులో ప్రకటించింది.

యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతానికి చెందిన ఒక కుటుంబం ఈ తలుపులన్నీ ఒక్కొక్కటిగా తట్టింది. 2012 ఆగస్టులో ఖషామిర్ గ్రామంలో జరిగిన దాడిలో ఆ కుటుంబం ఇద్దరిని కోల్పోయింది. వారిలో ఒకరు అల్‌ఖైదాకు వ్యతిరేకంగా మసీదులో ప్రసంగించిన మతబోధకుడు, మరొకరు పోలీసు ఉద్యోగి. 2017లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు వారి కేసును విచారణార్హం కాదని కొట్టేసింది. అలా తీర్పు చెప్పిన ధర్మాసనంలోని న్యాయమూర్తి జానిస్ రోజర్స్ బ్రౌన్ విడిగా రాస్తూ, డ్రోన్ దాడుల మీద కాంగ్రెస్ పర్యవేక్షణ ఒక పరిహాసమని వ్యాఖ్యానించారు. అమెరికా డ్రోన్ల సంకేతాలు జర్మనీలో అమెరికాకు ఉన్న రామ్‌స్టైన్ వైమానిక స్థావరం మీదుగా వెళతాయి కాబట్టి, జర్మన్ ప్రభుత్వానికీ బాధ్యత ఉందంటూ ఆ కుటుంబం అక్కడి కోర్టులను కూడా ఆశ్రయించింది. 2019లో మ్యూన్‌స్టర్ ఉన్నత పాలనా న్యాయస్థానం వారి పక్షాన కొంతమేర తీర్పు ఇచ్చింది. 2020లో పై కోర్టు దాన్ని తోసిపుచ్చింది. 2025 జులై 15న జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం చివరి మాట చెప్పింది. విదేశాల్లో ఉన్న విదేశీయుల ప్రాణాలను కాపాడే బాధ్యత కొన్ని పరిస్థితుల్లో జర్మనీకి ఉంటుందని అది సూత్రప్రాయంగా అంగీకరించింది. అందుకు జర్మన్ ప్రభుత్వాధికారంతో తగిన సంబంధం ఉండాలి, అంతర్జాతీయ చట్టాన్ని ఒక క్రమపద్ధతిలో ఉల్లంఘిస్తున్నారన్న తీవ్రమైన ప్రమాదం కూడా కనిపించాలి. ఈ కేసులో రెండో షరతు నెరవేరలేదంటూ ఫిర్యాదును తిరస్కరించింది. ఆ రెండో షరతును నిరూపించాలంటే లక్ష్యాల ఎంపికకు పాటించిన ప్రమాణాలు, దాడుల పట్టిక, మృతుల గుర్తింపు వివరాలు కావాలి. అవన్నీ దాడి చేసిన ప్రభుత్వం దగ్గర రహస్యంగా ఉన్నాయి.